ఆదివారం పుట్టిన బిడ్డకూ ఆ టీకా పడాలి

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ముప్పై ఏళ్లు లేబర్ రూముల్లో పనిచేసి రిటైరైన నర్సుని. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు వేయాల్సిన హెపటైటిస్ బి టీకా గురించే ఈ ఉత్తరం.

హెచ్‌ఐవీ విషయంలో ప్రభుత్వాలు గట్టిగానే పనిచేశాయి. 2014 నుంచి హెచ్‌ఐవీ ఉన్న ప్రతి గర్భిణికీ జీవితాంతం మందులు ఉచితం. బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే నెవిరపిన్ సిరప్ పట్టారా లేదా అని కౌన్సెలర్లు ఫోన్ చేసి మరీ అడిగేవారు. హెపటైటిస్ బి గురించి నన్ను అలా అడిగినవారు లేరు.

ఈ వైరస్ పెద్దవాళ్లకు సోకితే చాలామందిలో దానంతట అదే పోతుంది. కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు సోకితే మాత్రం పదిమందిలో తొమ్మిదిమందికి ఒంట్లోనే ఉండిపోతుంది. ఎన్నో ఏళ్ల తర్వాత లివర్ సిర్రోసిస్‌గానో క్యాన్సర్‌గానో బయటపడుతుంది. ఆరో వారం వేసే పెంటావాలెంట్‌లో, అంటే ఐదు జబ్బులకు కలిపి వేసే టీకాలో, ఎలాగూ ఉంది కదా అంటారు. అలాంటి బిడ్డకు అప్పటికే ఆలస్యమైపోతుంది.

టీకాకు కొరతేమీ లేదు. మన దేశపు తొలి రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో చేసిన) హెపటైటిస్ బి టీకాను 1997లో తెచ్చింది హైదరాబాద్ కంపెనీయే, శాంతా బయోటెక్నిక్స్. అడ్డం వచ్చేవి చిన్న విషయాలు. శనివారం రాత్రి కాన్పయితే టీకాల గది తాళం సోమవారం దాకా తియ్యరు. ఒక్క బిడ్డ కోసం పది డోసుల వయల్ (టీకా సీసా) తెరవాలా అని వెనకాడతారు. తెరిచిన వయల్‌ని సరిగ్గా చల్లగా ఉంచితే 28 రోజులు వాడొచ్చు. అయినా వేస్టేజీ లెక్క అడుగుతారని టెన్షన్. ఒకసారి నేనూ అలాగే ఆగాను. తల్లి రిపోర్టు పాజిటివ్ అని డిశ్చార్జ్ అయ్యాక తెలిసింది. ఆ బిడ్డ ఎలా ఉందో ఈరోజుకీ నాకు తెలియదు.

మాల్దీవులు 2025లో హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి మూడూ తల్లి నుంచి బిడ్డకు రాకుండా ఆపి, ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందిన మొదటి దేశమైంది. మన దగ్గర కూడా ప్రతి గర్భిణికీ మొదటి నెలల్లోనే ఒకే రక్తంతో మూడు పరీక్షలూ చేయించండి. సిఫిలిస్ ఉంటే సమయానికి వేసిన పెన్సిలిన్ ఇంజెక్షన్ చాలు బిడ్డను కాపాడడానికి. కాన్పులు జరిగే ప్రతిచోటా, ప్రైవేటు నర్సింగ్ హోముల్లో సహా, రాత్రీ పగలూ టీకా ఉండాలి. వయల్ తెరిచిన నర్సుని సంజాయిషీ అడగొద్దని రాతపూర్వకంగా ఆదేశమివ్వండి.

మీ సమీక్షల్లో కాన్పుల లెక్కతోపాటు 24 గంటల్లోపు డోసు ఎంతమందికి పడిందో కూడా అడగండి. ఆదివారాలు, పండగ రోజుల్లో పుట్టినవాళ్ల లెక్క విడిగా అడగండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు