రెండు బోల్టులుంటే పెట్రోల్ కారదు

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో కొత్త కార్ల గురించి బోలెడు వస్తుంటుంది, సన్‌రూఫ్ అనీ టచ్ స్క్రీన్ అనీ. నాలాగా ఇంకా 1998 మోడల్ మారుతి 800, అదీ కార్బొరేటర్ (గాలీ పెట్రోలూ కలిపి ఇంజిన్‌కి పంపేది) ఉన్న బండి తోలుకునేవాళ్ళ గోల మాత్రం ఎవరికీ పట్టట్లేదు, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నా.

మొన్న ఎండాకాలంలో మా బండి ఎక్కిళ్ళు పెట్టడం మొదలెట్టింది. ఊళ్ళో తిరిగితే బానే ఉంటుంది, కొవ్వూరు వైపు బ్రిడ్జి ఎక్కేటప్పుడు మాత్రం తొక్కేకొద్దీ నీరసపడిపోయేది. పెట్రోల్ ఫిల్టర్ జామ్ అయ్యుంటుందని ఒక షెడ్డుకి తీసుకెళ్ళా. కుర్రాడు బానెట్ ఎత్తి, ఇంజిన్ ఇంకా సెగలు కక్కుతుండగానే పైపు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. గ్లాసుడు పెట్రోల్ ఇంజిన్ మీద, నా చెప్పుల మీద, కింద రోడ్డు మీద! పక్క టీకొట్టు దగ్గర ఒకాయన తీరిగ్గా బీడీ కాలుస్తున్నాడు. నేను కంగారు పడుతుంటే కుర్రాడు "ఏం కాదండి, ఆరిపోద్ది" అని బకెట్ నీళ్ళు తెచ్చి కొట్టాడు. నీళ్ళ మీద పెట్రోల్ తేలుకుంటూ పోయి కాలవలో పడింది, ఆ వాసన సాయంత్రం దాకా వదల్లేదు.

కుర్రాణ్ణి అని లాభం లేదు, వాడికి నేర్పినోడు అలాగే నేర్పాడు. ఆ తర్వాత నుంచి ఫిల్టర్ మార్చే పని నేనే చేసుకుంటున్నా, ఇప్పటికి రెండుసార్లు చేశా, రెండోసారి నేల మీద చుక్క కూడా పడలేదు.

అసలు కిటుకేంటంటే పైపు ఊడదీశాక దాని నోరు తెరిచి ఉండకూడదు, అంతే. పైపు చివర ట్యాంకులో పెట్రోల్ మట్టం కన్నా కిందకి వంగిందంటే ఇక కారుతూనే ఉంటుంది, డ్రమ్ములోంచి నీళ్ళు లాగే పైపు ఎలాగో ఇదీ అంతే. అందుకని పైపు లోపలికి బిగుతుగా దూరే రెండు బోల్టులు ముందే తుడిచి జేబులో పెట్టుకోవాలి. ట్యాంకు వైపు పైపు ఫిల్టర్ నుంచి వచ్చీ రాగానే వేలు అడ్డం పెట్టి, చివర పైకి పట్టుకుని, బోల్టు దూర్చెయ్యడమే. తర్వాత రెండో పైపుకి కూడా. పాత ఫిల్టర్ నిండా పెట్రోలే ఉంటుంది, దాన్ని వంచకుండా అలాగే తీసి రేకు డబ్బాలో పెట్టెయ్యాలి. కింద పళ్ళెంలో ఇసుక పోసి పెడితే పడ్డ నాలుగు చుక్కలూ అదే పీల్చుకుంటుంది.

దీనికి ముందు చేసేవి కూడా ఉన్నాయి. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, నేనైతే పొద్దున్నే చేస్తా, ట్యాంకులో పెట్రోల్ తక్కువున్న రోజు చూసుకుని, ఆరుబయట. బ్యాటరీ మైనస్ వైరు తీసెయ్యాలి. ట్యాంకు మూత ఒకసారి తిప్పితే లోపలి ఆవిరి బుస్సుమని పోతుంది, లేకపోతే ఆ ఒత్తిడే పెట్రోల్‌ని బయటికి తోస్తుంది. పైపు ఎండిపోయి అతుక్కుని ఉంటే ముందు మెల్లగా తిప్పి అప్పుడు లాగాలి, నేను మొదటిసారి తిప్పకుండా లాగి పైపు చీల్చుకున్నా (మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది). కొత్త ఫిల్టర్ మీద బాణం గుర్తుంటుంది, అది కార్బొరేటర్ వైపు చూడాలి.

ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, మన పాత బండ్ల రబ్బరు పైపులు దీనికోసం చేసినవి కావు. కాబట్టి ఫిల్టర్ ఒక్కటే మార్చి సరిపెట్టుకోకుండా ఆ రెండు పైపు ముక్కలూ, క్లిప్పులూ కూడా ఇథనాల్‌కి ఆగే రకం అడిగి మార్చుకోండి.

ఎంపీఎఫ్ఐ బండ్లు (కార్బొరేటర్ లేకుండా, పంపు ఒత్తిడితో పెట్రోల్ చిమ్మే రకం) ఉన్నవాళ్ళు మాత్రం ఇది చదివి నేరుగా పైపు పీకొద్దు. వాటిలో ఇంజిన్ ఆపాక కూడా ఒత్తిడి ఉండిపోతుంది, టైరులో గాలి 30 అనుకుంటే ఇందులో 40 పైనే, మొహం మీదకి చిమ్ముతుంది. ముందు పెట్రోల్ పంపు ఫ్యూజ్ పీకి, ఇంజిన్ స్టార్ట్ చేసి దానంతటదే ఆగిపోయేదాకా వదిలెయ్యాలి. అప్పుడు కూడా పైపు మీద గుడ్డ చుట్టే తియ్యాలి.

మీ ఆదివారం బండ్ల పేజీలో ఇలాంటివి ఒక్క ముక్క ఫోటోతో వేస్తే షెడ్డు గోడకి అంటించుకోడానికైనా పనికొస్తుంది. ఆ కుర్రాడికి నేను రెండు బోల్టులు ఇచ్చొచ్చాను, వాడుతున్నాడో లేదో తెలీదు గానీ మొన్న అటు వెళ్తుంటే టూల్ బాక్స్ పక్కన ఇసుక డబ్బా ఒకటి కనపడింది.

ఇట్లు,
ఒక పాత 800 ఓనరు,
రాజమండ్రి