నిర్ణయం నాకే వదిలిన వాళ్ళందరికీ కృతజ్ఞతలు

ఈరోజు 2025 ఉగాది. మార్చి 30 కాబట్టి ప్రపంచ బైపోలార్ దినం కూడా. ఏడాదికి పైగా మనసులోనే ఉంచుకున్న మాటలు రాయడానికి ఇంతకంటే మంచి రోజు నాకు దొరకదు.

నాకు బైపోలార్ డిజార్డర్ ఉంది, అంటే కొంతకాలం విపరీతమైన హుషారు, కొంతకాలం లోతైన దిగులు వచ్చే మానసిక జబ్బు. 2023 నవంబరు నుంచి దానికి లిథియం అనే మందు వాడుతున్నాను. అది వేసుకోవాలా వద్దా అన్న నిర్ణయం నాకే వదిలిన వాళ్ళ గురించే ఈ రాత. ఇది నా పేరు మీద నలుగురిలో పెట్టే ముందు మా వారినీ, అక్కనీ, అత్తయ్యనీ అడిగాను. ముగ్గురూ రాయమన్నారు. అనకాపల్లిలో ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతాను. నా పాత విద్యార్థులు కూడా ఇది చదువుతారని తెలిసే రాస్తున్నాను.

అందరికంటే ముందు ప్రింటింగ్ ప్రెస్ బాబాయ్ గారికి చెప్పాలి. 2023 ఆగస్టులో నాలుగు రాత్రులు నేను నిద్రపోలేదు. నిద్ర అక్కర్లేదనిపించింది. రాష్ట్రంలో పేదపిల్లలందరికీ ఉచితంగా కెమిస్ట్రీ గైడు ఇవ్వాలని రాత్రి రెండింటికి కూర్చుని రాశాను. తెల్లారాక గాజులు తాకట్టు పెట్టి, రెండు వేల కాపీలకి అడ్వాన్సు కట్టేశాను. ఆయన కాగితాలు తిరగేసి "అలాగేనమ్మా, రేపు మొదలెడతాం" అన్నారు. నేను గుమ్మం దాటగానే మా వారికి ఫోన్ చేశారు. "అమ్మాయి మాట వేగం చూస్తే భయమేసింది బాబూ, డబ్బు ఇక్కడే ఉంది, ముందు తనని చూసుకోండి" అన్నారట. ఒక్క కాగితం కూడా ప్రింటు చేయలేదు. పైసాతో సహా వెనక్కిచ్చారు. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు కూడా.

అంతకు రెండు నెలల ముందు దిగులుగా ఉందని ఒక డాక్టరు దగ్గరికి వెళ్తే డిప్రెషన్ మాత్రలు మాత్రమే రాశారు. ఎప్పుడైనా విపరీతమైన హుషారు వచ్చిందా అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. హుషారు కూడా జబ్బులో భాగమని నాకేం తెలుసు? బైపోలార్ ఉన్నవాళ్ళకి ఆ మాత్రలు ఒక్కటే ఇస్తే కొందరిలో మేనియా, అంటే ఆ విపరీతమైన హుషారు, రావచ్చని తర్వాత తెలిసింది. నాకు వచ్చింది అందువల్లేనని ఎవరూ తేల్చి చెప్పలేరు.

విశాఖలో పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. నిద్ర వచ్చింది, మాట నెమ్మదించింది. ఇంటికొచ్చాక అసలు ప్రశ్న మిగిలింది. బాగైపోయాను కదా, ఇంక ఏళ్ళ తరబడి మందు ఎందుకు? చుట్టాలు ఫోన్లు చేసి తలా ఒక మాట అన్నారు. ఒకరు కిడ్నీలు పోతాయన్నారు. ఒకరు మనిషి మొద్దుబారిపోతుందన్నారు. మా పెద్దమ్మ కొడుకైతే "ఫోన్ బ్యాటరీలో వేసేది తింటావా?" అన్నాడు. పదమూడేళ్ళుగా బోర్డు మీద పరమాణు సంఖ్య 3 అని రాస్తున్న మూలకం అది. ల్యాబ్‌లో జ్వాలా పరీక్ష చేయించి, ఆ ఎర్రటి మంట చూపించి పిల్లల చేత పేరు చెప్పించేదాన్ని. అదే లిథియం నా ఒంట్లోకి అనేసరికి చేతకాలేదు.

ఇక్కడే మా డాక్టరమ్మకి రుణపడ్డాను. "ఈ మందు వేసుకోవాల్సిందే" అని ఒక్కసారి కూడా అనలేదు. "ఆసుపత్రిలో ఇచ్చినవి ఇంకొన్ని వారాలు నడుస్తాయి. ఈలోగా ఆలోచించండి, ఎన్నిసార్లయినా అడగండి" అన్నారు. ఒక తెల్లకాగితం మీద అడ్డంగా గీత గీసి, వయసులు వేసి, "హుషారుగా ఉన్న కాలం గీతకి పైన, దిగులుగా ఉన్న కాలం కింద గీయండి. మీ అక్కగారినీ కూర్చోబెట్టుకోండి" అని పంపారు.

ఆ కాగితం మీద నేనూ అక్కా రెండు ఆదివారాలు కూర్చున్నాం. 2007లో నాకు పందొమ్మిది. డిగ్రీ రెండో ఏడు. మూడు వారాలు రోజుకి రెండు గంటల నిద్రతో చదివి కాలేజీ ఫస్ట్ వచ్చాను. ఆ కథ మా ఇంట్లో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. "తర్వాత సంక్రాంతికి నువ్వు గది తలుపు తియ్యలేదు, గుర్తుందా? ముగ్గు నేనొక్కదాన్నే వేశాను" అంది అక్క. నాకు గుర్తులేదు. మొదటిదాన్ని అందరూ తెలివి అన్నారు, రెండోదాన్ని బద్ధకం అన్నారు. 2015లో పాప పుట్టాక మళ్ళీ. అప్పుడు బాలింత కదా అని సర్దుకున్నారు. 2021లో మళ్ళీ. ఆపైన 2023. పైకి గీసిన ప్రతి గీత పక్కనే కిందకి ఒకటి, పైదానికంటే పొడుగ్గా ఉంది. మధ్యలో ఖాళీలు ఎనిమిదేళ్ళు, ఆరేళ్ళు, రెండేళ్ళు. అక్క ఆ ఖాళీల మీద వేలు పెట్టి ఏమీ అనకుండా కూర్చుంది. ఆ రోజు తను ఏమీ అనకపోవడమే నాకు సాయమైంది. ఏమన్నా వాదించేదాన్నే.

అయినా ఒప్పుకోలేదు. పైకి వెళ్ళినప్పటి నేనంటే నాకు ఇష్టం. పాఠం చెబుతుంటే పిల్లలు రెప్ప వేసేవాళ్ళు కాదు. అది పోతుందేమోనని భయం. ఆ భయంతోనే ఒక రాత్రి డాబా ఎక్కి 14416కి ఫోన్ చేశాను. టెలిమానస్, కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత లైను. తెలుగులోనే మాట్లాడారు. అటువైపు అమ్మాయి పేరు అడగాలని కూడా తోచలేదు నాకు. ముప్పావుగంట విన్నది. వేసుకోమనీ చెప్పలేదు, మానేయమనీ చెప్పలేదు. "మేడమ్, మీకున్న భయాలన్నీ ఒక్కొక్కటీ రాసుకుని డాక్టరు గారి ముందు పెట్టండి. ఒక్కటి కూడా మింగెయ్యొద్దు" అంది. పాత హాజరుపట్టీ వెనక పేజీలో ఏడు ప్రశ్నలు రాశాను. అమ్మా, నువ్వెవరైనా సరే, ఆ పేజీ ఇంకా నా బీరువాలో ఉంది.

ఆ ఏడు ప్రశ్నలకీ డాక్టరమ్మ గంట సమయం ఇచ్చారు. కిడ్నీ భయం వట్టిది కాదని ముందే ఒప్పుకున్నారు. ఏళ్ళ తరబడి వాడితే కొందరికి ఇబ్బంది రావచ్చు, థైరాయిడ్ తగ్గొచ్చు, అందుకే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ కోసం), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ కోసం), కాల్షియం ఆరునెలలకోసారి చూస్తామన్నారు. చేతులు కొంచెం వణకొచ్చు, దాహం, బరువు పెరగడం ఉండొచ్చన్నారు. ఇంకో బిడ్డ ఆలోచన ఉందా అని ఆవిడే అడిగారు. ఉందన్నాను. అయితే ఈ జబ్బుకే వాడే ఇంకో మందు వాల్‌ప్రోయేట్ మాట ఎత్తను, కడుపులో బిడ్డకి అది బాగా ప్రమాదం అన్నారు. లిథియంతో కూడా ముందే చెప్పి, ప్లాన్ చేసుకోవాలన్నారు. మొదటి నెలల్లో బిడ్డ గుండెకి కొద్దిపాటి ప్రమాదం ఉంటుందట. ఎప్పుడైనా మానాలనిపిస్తే ఒక్కసారిగా మానొద్దు, జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ, నా దగ్గరికి రండి, నెమ్మదిగా తగ్గిద్దాం అన్నారు. దాచిపెట్టకుండా చెప్పిన ఆ గంట తర్వాతే నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

మా ఊళ్ళోనే ఒక మనిషి పదకొండేళ్ళుగా లిథియం మీద ఉన్నారు. పేరు, పని ఏదీ రాయను. తన సంగతి నాకు తనంతట తానే చెప్పారు, అదెంత ధైర్యమో నాకు తెలుసు. చెయ్యి చాపి సన్నటి వణుకు చూపించారు. మొదటి నాలుగు నెలలూ మందు మీద కోపంగానే ఉండేదట. "మరి ఎందుకు మానలేదు?" అంటే "మా అబ్బాయి పదో తరగతి పరీక్షలప్పుడు నేను ఇంట్లో ఉన్నాను, అంతకు ముందు ఏ పెద్ద పనికీ ఇంట్లో లేను" అన్నారు. ఆ రాత్రి పాప పక్కన పడుకుని చాలాసేపు దాని జడ పట్టుకున్నాను. మర్నాడు డాక్టరమ్మకి ఫోన్ చేసి మొదలుపెడతానన్నాను.

నా తీరు కొద్దీ చదివాను కూడా. ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు 1949లో పదిమంది మేనియా రోగులకి ఇచ్చి చూశానని రాసిన మందు ఇది. మొదటి గ్రూపులో సోడియానికి సరిగ్గా పైనున్న మూలకం. కిడ్నీ రెండింటినీ దాదాపు ఒకేలా చూస్తుంది. ఒంట్లో నీళ్ళు, ఉప్పు తగ్గితే సోడియంతో పాటు లిథియాన్నీ పట్టి ఉంచుతుంది, రక్తంలో మోతాదు పెరిగిపోతుంది. అందుకే రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకి రక్తం తీసి చూస్తారు. నాది మొదట 0.4 వచ్చింది, మోతాదు కాస్త పెంచాక 0.7 దగ్గర నిలిచింది.

ఈ లెక్క తెలిసి కూడా నేను పొరపాటు చేయబోయాను. నిరుడు మే నెలలో, ఎండలు మండిపోతుంటే, మోకాలి నొప్పికి డైక్లోఫెనాక్ అడిగాను. మెడికల్ షాపు తమ్ముడు అట్ట తీసి మళ్ళీ లోపల పెట్టేశాడు. "మేడమ్, మీరు నెలనెలా తీసుకెళ్ళే మందుకి ఇది పడదు. డాక్టరు గారికి ఒక్క ఫోన్ చేయండి" అన్నాడు. చేశాను. వద్దు, పారాసిటమాల్ చాలు అన్నారు. తమ్ముడూ, ఆ రోజు థాంక్స్ చెప్పకుండా వచ్చేశాను. ఇప్పుడు చెబుతున్నాను.

అక్క ఇంకో పని చేసింది. మళ్ళీ మంచీచెడూ తెలియనంతగా జబ్బు చేస్తే నాకు ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య చట్టంలో ఉంది. అది వెతికి, కాగితం తెచ్చి, "నువ్వు చెప్పు, నేను రాస్తాను" అంది. నా తరఫున మాట్లాడే మనిషిగా తన పేరే పెట్టాను.

ఇప్పుడెలా ఉన్నానంటే, నాలుగు కిలోలు పెరిగాను. బోర్డు మీద చిన్న అక్షరాలు కాస్త వంకర పోతున్నాయి. ఒక్కోసారి పాత హుషారు గుర్తొచ్చి ఏడుపొస్తుంది. పాఠం మాత్రం పోలేదు. ఏడాదిగా ఒక్క క్లాసూ మానలేదు.

అత్తయ్య నాకు నూకాలమ్మ దారం కట్టించారు, మొక్కుకున్నారు. మందు మొదలుపెట్టాక రోజూ రాత్రి తొమ్మిదికి నీళ్ళ గ్లాసు తెచ్చేది కూడా ఆవిడే. నిన్న కొత్త అమావాస్య జాతరలో, ఆ జనంలో, సంచిలోంచి నీళ్ళ సీసా తీసి "తాగమ్మా, ఎండకి నీకు కూడదన్నారు కదా" అన్నారు. పక్కనున్నావిడ, అమ్మవారుండగా మందులెందుకమ్మా అంటే, "మొక్కు మొక్కే, మాత్ర మాత్రే" అన్నారు మా అత్తయ్య.

ప్రెస్ బాబాయ్ గారూ, ఆ గైడు మళ్ళీ రాశాను. ఈసారి పగటిపూటే రాశాను, ఎనిమిది నెలలు పట్టింది. 64 పేజీలు, 150 కాపీలు చాలు. బుధవారం మా వారితో కలిసి వస్తాను. ఈసారి అడ్వాన్సు ఉంచుకోండి.