క్యాన్సర్ తగ్గినా నిద్ర పట్టనివారి కోసం ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

క్యాన్సర్ చికిత్స ముగిసి ఫాలోఅప్‌కి వచ్చినవారికి స్కాన్ చేస్తారు, రక్తం పరీక్షిస్తారు, గడ్డ మళ్లీ వచ్చిందేమోనని తడిమి చూస్తారు. రాత్రి నిద్ర పడుతోందా అని మాత్రం చాలాచోట్ల అడగరు. రోగి తనే చెప్పుకుంటే ఆల్ప్రజొలాం అనే నిద్రమాత్ర రాసిస్తారు. వారం రోజులకని మొదలైన ఆ మాత్ర ఏళ్లకేళ్లు సాగుతుంది.

ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనూ, జిల్లాల్లోని డే కేర్ క్యాన్సర్ కేంద్రాల్లోనూ నిద్ర క్లినిక్‌లు పెట్టండి, వాటిలో సన్నని సూదులు గుచ్చి చేసే ఆక్యుపంక్చర్‌కి చోటివ్వండి అని మిమ్మల్ని కోరుతున్నాం. అయితే దాన్ని అందరికీ మొదటి చికిత్సగా పెట్టవద్దని కూడా అంతే గట్టిగా చెబుతున్నాం.

కారణం ఉంది. అమెరికాలో క్యాన్సర్ నుంచి బయటపడి నిద్రలేమితో బాధపడుతున్న 160 మంది మీద జరిగిన అధ్యయనం 2019లో వెలువడింది. సగం మందికి ఎనిమిది వారాల్లో పదిసార్లు ఆక్యుపంక్చర్ చేశారు. మిగతావారికి నిద్ర అలవాట్లను, పడకెక్కగానే ముసిరే ఆలోచనలను సరిదిద్దే సీబీటీ-ఐ చికిత్స ఇచ్చారు. 28 పాయింట్ల నిద్రలేమి స్కోరు సీబీటీ-ఐతో సగటున 10.9, ఆక్యుపంక్చర్‌తో 8.3 తగ్గింది. నిద్రలేమి స్వల్పంగా ఉన్నవారిలో తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది: సీబీటీ-ఐతో 85 శాతం మందికి గుణం కనిపిస్తే ఆక్యుపంక్చర్‌తో 18 శాతం మందికే. సమస్య మధ్యస్థంగా, తీవ్రంగా ఉన్నవారిలో మాత్రం 75, 66 శాతాలతో రెండూ దగ్గరగా వచ్చాయి. చికిత్స ముగిసేనాటికి నొప్పి తగ్గించడంలో ఆక్యుపంక్చర్‌దే పైచేయి. ఏ చికిత్సా ఇవ్వని గుంపు గానీ, ఉత్తుత్తి సూదుల గుంపు గానీ ఆ అధ్యయనంలో లేవు. కాబట్టి ఆ ఫలితంలో సూదిది ఎంత, నమ్మకానిది ఎంత అన్నది దాన్నిబట్టి తేల్చలేం. ఇది దాచి ఆక్యుపంక్చర్‌ను పొగడటం రోగులకు అన్యాయం.

ముందు కారణం వెతకాలి. కీమోతో ఇచ్చే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్‌ను సాయంత్రం వేసుకుంటే రాత్రంతా జాగారమే. డాక్టరు ఒప్పుకుని దాన్ని పొద్దుటికి మారిస్తే కొందరికి అదే చాలు. రొమ్ము క్యాన్సర్‌కి టామోక్సిఫెన్, లెట్రోజోల్ మాత్రలు వాడేవారిని ఒళ్లంతా వచ్చే వేడి ఆవిర్లు లేపుతాయి. పాక్లిటాక్సెల్ అనే కీమో మందు తర్వాత అరికాళ్ల తిమ్మిరి, మంట నిద్ర పట్టనివ్వవు. మెడకు రేడియేషన్ ఇచ్చినవారికి థైరాయిడ్, గురక పెట్టేవారికి స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగిపోతుండటం) ఉందేమో చూడాలి. ఆప్నియా ఉన్నవారికి ఎన్ని సూదులు గుచ్చినా లాభం లేదు.

తర్వాత సీబీటీ-ఐ. రెండు వారాలు నిద్ర డైరీ రాయిస్తారు. ఎనిమిది గంటలు మంచం మీద దొర్లి అయిదున్నర గంటలే నిద్రపోయే మనిషిని ఆ అయిదున్నర గంటలే మంచం ఎక్కమంటారు. అందులో 85 శాతం నిద్ర పడితే పావుగంట కలుపుతారు. అయిదు గంటలకు తక్కువ మాత్రం చేయకూడదు. మొదటి వారాల్లో పగలు తూగొస్తుంది, కాబట్టి ఆటో, లారీ నడిపేవారి విషయంలో జాగ్రత్త. ఫిట్స్ ఉన్నవారికి ఈ పద్ధతి పెట్టకూడదు.

నొప్పి కూడా ఉన్నవారికి, సీబీటీ-ఐ కుదరనివారికి, చేసినా తగ్గనివారికి ఆక్యుపంక్చర్. మొదటి రెండు వారాలు వారానికి రెండుసార్లు, తర్వాత ఆరు వారాలు వారానికోసారి. సూది 0.20 నుంచి 0.25 మిల్లీమీటర్ల మందం, ఇంజెక్షన్ సూదిలో సగం కూడా ఉండదు. మణికట్టు ముడత మీద చిటికెనవేలి వైపు ఒకటి, లోపలి చీలమండకు నాలుగు వేళ్ల పైన ఒకటి, నడినెత్తిన ఒకటి, నొప్పి ఉన్నచోటును బట్టి మరికొన్ని. గుచ్చినచోట బరువుగా, గుంజినట్టు ఉండాలి; చురుక్కుమని పాకితే సూది వెనక్కి తీయాలి. 20 నుంచి 30 నిమిషాలు ఉంచుతారు. మొదటిసారి కొందరికి కళ్లు తిరుగుతాయి, అందుకే పడుకోబెట్టే చేయాలి, ఖాళీ కడుపుతో చేయకూడదు.

పొరపాటు జరిగేది ఎక్కడంటే, రొమ్ము ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు తీసేసిన వైపు చేతికి సూది వేస్తే ఇన్ఫెక్షన్ సోకి చెయ్యి వాచే ప్రమాదం ఉంది. సూదులు గుచ్చే చోట్ల చార్టులో రెండు మణికట్లూ ఉన్నాయి కదా అని రెండింటికీ గుచ్చేవారున్నారు. మంచి చెయ్యి, కాళ్లు చాలు. తిమ్మిరెక్కిన పాదాలకు మాక్సా కాపడం (ఎండిన మూలికను కాల్చి ఇచ్చే వేడి) పెట్టకూడదు, చర్మం కాలినా వారికి తెలియదు. ప్లేట్‌లెట్లు 50 వేలకు తగ్గినా, తెల్లకణాలు పడిపోయినా ఆంకాలజిస్టు (క్యాన్సర్ డాక్టరు) ఒప్పుకోనిదే సూది ముట్టకూడదు. ఛాతీ మీద లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లు పడొచ్చు, నిద్ర కోసం ఆ అవసరమే లేదు. వాడిన సూదులు ఉడకబెట్టి మళ్లీ వాడటం హెపటైటిస్‌ను పంచడమే. సీల్ తీసిన సూది ఒక్కసారే వాడాలి, 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం గుచ్చుకోని తెల్ల డబ్బాలో పడాలి. ఇంకొకటి, సూదులు వేయించుకున్నాం కదా అని నిద్రమాత్ర ఒక్కసారిగా మానేస్తే ఉన్న నిద్రా పోతుంది. డాక్టరు చెప్పినట్టు వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి.

మనుషులు లేరనే మాట రావచ్చు. ఆక్యుపంక్చర్‌ను చికిత్సా విధానంగా కేంద్రం 2019లో గుర్తించింది. ప్రకృతి వైద్యంలో బీఎన్‌వైఎస్ చదివినవారు పాఠ్యాంశంగా దాన్ని నేర్చుకుంటారు, హైదరాబాద్‌లోనే ఆ కాలేజీ ఉంది. వారికి క్యాన్సర్ వార్డులో శిక్షణ ఇచ్చి, ఆంకాలజిస్టు పర్యవేక్షణలో నియమించండి. వారాంతపు కోర్సు సర్టిఫికెట్లతో వచ్చేవారిని దయచేసి రానివ్వకండి.

ఆదిలాబాద్ నుంచి పదిసార్లు హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జేకి రమ్మంటే ఎవరూ రారు. మహిళలకు ఆర్టీసీ బస్సు ఉచితమే అయినా, పోయిన కూలి ఎవరిస్తారు? 2025-26 కేంద్ర బడ్జెట్‌లో జిల్లా ఆసుపత్రులకు 200 డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు ప్రకటించారు. మన జిల్లాల్లోని కేంద్రాల్లో ఒక గది, రెండు మంచాలు, వారానికి రెండు రోజులు కేటాయిస్తే చాలు. ఆరోగ్యశ్రీ ఫాలోఅప్ ప్యాకేజీలో ఈ పది విడతలనూ, సీబీటీ-ఐ సిట్టింగులనూ చేర్చండి.

వీటికి సమయం పడుతుందంటే, ఈ నెలలోనే చేయగలిగేది ఒకటుంది. నిద్రలేమి స్కోరు కట్టడానికి ఏడే ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు. తెలుగు, ఉర్దూ, గోండిలో నర్సు అయిదు నిమిషాల్లో అడగగలదు. 15 గానీ ఆపైన గానీ వస్తే నిద్ర క్లినిక్‌కి, 8 నుంచి 14 మధ్య ఉంటే ముందు సీబీటీ-ఐకి పంపాలి. ఆ ఏడు ప్రశ్నలనూ ఫాలోఅప్ కేస్ షీట్‌లో ముద్రించమని ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
క్యాన్సర్ అనంతర సేవల్లో పనిచేస్తున్న ఆక్యుపంక్చర్, నిద్ర చికిత్సా నిపుణులం