శీనుకి, లెస్టర్ నుంచి

రేయ్ శీనూ,

ఆలస్యమైంది, తిట్టుకో. ఇక్కడ అందరం కులాసా, అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, పాప గోడ పట్టుకుని నడుస్తోంది, చలి మొదలైంది. అయిపోయాయి కబుర్లు. అసలు సంగతి విను.

మొన్న శనివారం మా ఆఫీసులో పనిచేసే ఒకాయన ఇంటికి భోజనానికి పిలిచి, అటక మీంచి పాత కంప్యూటరు, అమిగా 500 దించాడు. ఫ్లాపీ పెట్టగానే కటకటమని ఒకటే మోత. కాసేపటికి తెర మీద సముద్రం, నీళ్లలో తళతళలాడే అస్తమయపు ఎండ, ముందు ముగ్గురు కరాటే వీరులు. ఇంటర్నేషనల్ కరాటే ప్లస్ అనే ఆట! 1987లో ఆర్చర్ మక్లీన్ అనే ఆయన ముందు కమోడోర్ 64 అనే కంప్యూటరుకి రాశాడట.

ఇద్దరు కొట్టుకునే ఆట ఎవడైనా రాస్తాడు. మక్లీన్ ముగ్గుర్ని దింపాడు చూడు, అక్కడుంది కిటుకంతా. మేమిద్దరం చెరో జాయ్‌స్టిక్, మూడోవాడు కంప్యూటర్. నేను ఆయన మీదికి కాలెత్తేలోపు వాడు వెనకనుంచి వచ్చి నన్ను పడేస్తాడు. అచ్చం మన వరదయ్యే! జాయ్‌స్టిక్‌కి ఒక్కటే బటన్, అయినా ఎన్ని రకాల దెబ్బలో. గాల్లోకి ఎగిరి కాళ్లు చెరోవైపు చాపి ఇద్దర్నీ ఒకేసారి కూల్చే తన్ను ఒకటుంది. అది పడిందిరా నాకు! రెండో బంతి రోజున నువ్వు అరిచినట్టు అరిచాను. వాళ్లావిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

అప్పుడాయన ఏమీ ఎరగనట్టు కీబోర్డు మీద 'టి' నొక్కాడు. ముగ్గురి పంట్లాములూ జారి కిందపడ్డాయి! మక్లీనే దాచి పెట్టిన కొంటెతనం. నాకు బుల్లి మాస్టారు, ఆ వార్షికోత్సవం... ఇంక రాయను, నీకు తెలుసు.

ఆ మక్లీన్ 2022లో పోయాడట. ఆ మాట చెప్పి ఆయన కాసేపు జాయ్‌స్టిక్ ముట్టుకోలేదు. నాకూ ఏమనాలో తోచక...

సరే, లాయరు గారికి పనికొచ్చే ముక్క. దీనికి ముందు వచ్చిన ఇంటర్నేషనల్ కరాటే ఆటని అమెరికాలో ఎపిక్స్ అనే కంపెనీ వాళ్లు అమ్మితే, మా కరాటే చాంప్ ఆటని కాపీ కొట్టారని డేటా ఈస్ట్ అనే ఇంకో కంపెనీ దావా వేసింది. కింది కోర్టులో గెలిచింది కూడా. 1988లో అప్పీలు కోర్టు తిరగ్గొట్టింది. కరాటే ఆటన్నాక ఆ తన్నులూ, ఆ రిఫరీ లేకుండా ఎలా అని! నాకైతే న్యాయంగానే ఉంది. నీ గట్టు కేసు ఎందాకా వచ్చింది? ఇంకా వాయిదాలేనా?

వచ్చే నెల ఆయన మళ్లీ రమ్మన్నాడు. ఈసారి బోనస్ రౌండ్‌లో బాంబుల్ని తన్ని పారేసే... అయ్యో, పాప లేచింది, పోస్టు డబ్బా తీసే టైమూ అయింది. మిగతాది తర్వాత.

నీ
రాంబాబు