జెడ్ కొడితే వై పడుతోంది నాయనా

స్టుట్‌గార్ట్,
శనివారం రాత్రి

నాయనకి నమస్కారాలు.

నేను బాగున్నాను. ఆఫీసు కంప్యూటరు సంగతి నీకే రాయాలి. అమ్మకు రాస్తే అంతా విని "తిన్నావా" అంటుంది.

ఇక్కడ ఇచ్చింది జర్మన్ కీబోర్డు. వై ఉండాల్సిన చోట జెడ్, జెడ్ చోట వై. తీర్థకట్ట వీధిలో మన టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నా చేతుల మీద తువ్వాలు కప్పి కొట్టించేవాడివి కదా, ఏ ఎస్ డి ఎఫ్, సెమీకోలన్ ఎల్ కె జె అని. ఆ సెమీకోలన్ చోట ఇక్కడ నెత్తిన రెండు చుక్కలున్న ఓ కూర్చుంది. మొదటి రోజే మేనేజరుకు 'యస్' అని పంపబోతే 'జెస్' అని పోయింది.

ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఎక్సెల్‌లో మాత్రం నాకు చెమటలు పట్టాయి. ఒక వరుస పొరపాటున డిలీట్ చేసి, అలవాటు కొద్దీ, చేసినదాన్ని వెనక్కి తిప్పే కంట్రోల్ జెడ్ కొట్టాను. పోయింది వెనక్కి రాకపోగా కింది వరుస కూడా పోయింది. మళ్ళీ కొట్టాను, ఇంకోటి పోయింది! నా వేలు పడుతున్నది వై మీద. కంట్రోల్ వై అంటే చేసిన పనే మళ్ళీ చెయ్యమని. చివరికి మౌస్‌తో పైన బాణం గుర్తు నొక్కి ఒక్కొక్కటే వెనక్కి తెచ్చుకున్నాను.

ఆ సాయంత్రమే సెట్టింగ్స్‌లో ఇంగ్లీష్ కీబోర్డు చేర్చుకున్నాను. కీల మీద అచ్చు జర్మన్‌దే, అయినా నేను చూస్తే కదా! నీ తువ్వాలు ఇన్నేళ్ళకు పనికొచ్చింది. పక్క సీటు ఆవిడ నా దగ్గర ఒక్క లైను కొట్టి, చేతులు వెనక్కి తీసుకుంది. సోమవారం నాకూ పడింది దెబ్బ. లాగిన్ తెర ఇంకా జర్మన్‌లోనే ఉంది, నా పాస్‌వర్డ్‌లో వై ఉంది. మూడుసార్లు తప్పు పడి అకౌంటు లాకయింది. ఇప్పుడు వై, జెడ్ రెండూ లేని పాస్‌వర్డ్ పెట్టుకున్నా.

ఎక్సెల్‌లో ఫార్ములాల పేర్లూ జర్మనే. కూడికకు వాడే సమ్‌ని 'సుమ్మే' అని, పట్టికలో వెతికిపెట్టే వీలుకప్‌ని 'ఎస్‌ఫెర్‌వైస్' అని రాయాలి. దాన్నీ ఇంగ్లీషులోకి మార్చుకున్నా, పక్కవాళ్ళు తెరిస్తే వాళ్ళ పేర్లే కనిపిస్తాయి. కామా జోలికి మాత్రం పోలేదు. మనం 1,250 అంటే పన్నెండువందల యాభై, ఇక్కడ అది ఒకటింబావు. ఆఫీసు లెక్కలన్నీ ఆ పద్ధతిలోనే ఉన్నాయి, నా ఒక్కడి కోసం మారిస్తే ఎవరి బిల్లు ఎక్కడ తేలుతుందో.

అటక మీది రెమింగ్టన్ టైపు మిషన్‌ని అమ్మ పాత సామాన్లవాడికి వెయ్యకుండా చూడు. అందులో 1 అంకె లేక చిన్న ఎల్ కొట్టేవాళ్ళం. కంప్యూటరుకు మారాక ఆ అలవాటు మానడానికి నాకు ఏడాది పట్టింది.

నీ పెద్దోడు