స్పానిష్ వాక్యాన్ని తలకిందులు అనడం తప్పు

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో స్పానిష్ నేర్చుకోవడం గురించి వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు. ఇంగ్లిష్ వాళ్లు ఆశ్చర్యాన్ని తిన్నగా "నేను" అంటూ చెబుతారట, స్పానిష్ వాళ్లేమో "నాకు" అంటూ తలకిందులుగా చెబుతారట. "నాకు ఆశ్చర్యం వేసింది" అనే భాషలో నడిచే పత్రిక ఈ మాట ఎలా అచ్చేసిందండీ?

ఇంగ్లిష్ కూడా ఒకప్పుడు అలాగే మాట్లాడింది. కవి ఛాసర్ నాటి, అంటే 14వ శతాబ్దపు ఇంగ్లిష్‌లో "మి వండ్రెత్" అనేవాళ్లు, నాకు వింతగా ఉంది అని. విభక్తులు రాలిపోయి, కర్త ఎవరో మాటల వరసను బట్టే తెలుసుకోవాల్సి వచ్చాక ఆ "నాకు" కాస్తా "నేను" అయింది, "మి లైకెత్" పోయి "ఐ లైక్" మిగిలింది. సర్‌ప్రైజ్ ఫ్రెంచి నుంచి వచ్చిన మాట, మొదట్లో శత్రువు మీద హఠాత్తుగా పడటమే దాని అర్థం. అందుకే ఇవాళ్టికీ ఆ క్రియకు ఆశ్చర్యపరిచే విషయమే కర్త, మనిషి సంగతి చెప్పాలంటే "ఐ యామ్ సర్‌ప్రైజ్డ్" అనాలి. ఈ కారణం చెప్పకుండా రూల్ బట్టీ పట్టిస్తారు కాబట్టే పిల్లలు పదో తరగతికి వచ్చినా "ఐ యామ్ సర్‌ప్రైజింగ్" అని రాస్తున్నారు.

స్పానిష్ దారి వేరు. "మె మరవిల్యో", అంటే నేను అబ్బురపడతాను అన్నప్పుడు అబ్బురపడే మనిషే కర్త, పాత వాడుకే, ఇంకా పోలేదు. కానీ ఇప్పుడు ఎక్కువగా వినిపించేది "మె సోర్‌ప్రెందె" (నాకు ఆశ్చర్యంగా ఉంది), "మె ఎస్త్రాన్యా" (నాకు వింతగా ఉంది). ఇష్టాన్ని చెప్పే "గుస్తార్" కూడా అంతే, పూర్వం "గుస్తార్ దె" అంటే మనిషి కర్త, ఇప్పుడు అందరూ "మె గుస్తా", నాకు ఇష్టం అంటారు. అంటే ఇంగ్లిష్ వదిలేసుకున్న పద్ధతినే స్పానిష్ గట్టి చేసుకుంది. ఇంకా చక్కని సంగతి, "మె సోర్‌ప్రెందె కె వెంగాస్", నువ్వు రావడం నాకు ఆశ్చర్యంగా ఉంది అన్నప్పుడు ఆ రావడం నిజంగా జరిగినా సరే, క్రియ సబ్‌జంక్టివ్‌లోనే, అంటే ఊహనో భావాన్నో చెప్పేటప్పుడు వాడే రూపంలోనే ఉంటుంది. వ్యాసంలో దీని ఊసే లేదు.

హైదరాబాద్‌లో ఇఫ్లూ, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది, అక్కడ స్పానిష్ చెబుతారు, అచ్చుకు ముందు ఒక్కరికి చూపించి ఉంటే సరిపోయేది. మన అధికారులూ అంతే. ఏళ్ల తరబడి ఏ మీడియం అన్న గొడవే తప్ప వ్యాకరణం ఎలా చెప్పాలో ఒక్కరూ మాట్లాడరు, 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చిందన్న సంబరం తరగతి గదిదాకా చేరనే లేదు.

దయచేసి సవరణ వేయండి, మూలన చిన్న అక్షరాల్లో కాదు, వ్యాసం వచ్చిన పేజీలోనే.

– ఒక రిటైర్డ్ ఇంగ్లిష్ టీచర్, తెనాలి