పేరు ఇచ్చారు సరే, నేల మాటేమిటి?

సంపాదకుల వారికి,

కిందటి వేసవిలో అట్లాంటాలో ఉండే మా అబ్బాయి మమ్మల్ని స్మోకీ పర్వతాలకు తీసుకెళ్లాడు. దారిలో చెరోకీ అనే ఊళ్లో వీధి బోర్డుల మీద ఇంగ్లిష్‌తో పాటు ఏదో తెలియని లిపి కనిపించింది. 1821 ప్రాంతంలో చెరోకీలంటే అక్కడి ఆదివాసీ తెగ; ఆ తెగకు చెందిన సెక్వోయా కూర్చిన అక్షరాలవి. మన గుణింతంలాగే 'క'కి ఒకటి, 'కి'కి ఇంకొకటి. ముప్ఫై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, ఆ బోర్డు ముందు నుంచి కదల్లేకపోయాను.

అక్కడి ఎత్తైన శిఖరానికి 2024 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం 'కువోహి' అన్న పాత చెరోకీ పేరు మళ్లీ పెట్టింది. అంతకుముందు దానికి క్లింగ్‌మన్ అనే సేనాని పేరు ఉండేది. సంతోషమే. కానీ కొండ మాత్రం నేషనల్ పార్కు కిందే, అంటే ప్రభుత్వం చేతిలోనే ఉంది.

కిటువా సంగతి చూడండి. చెరోకీలు దాన్ని తల్లి ఊరు అంటారు. 1838లో సైనికులు ఇళ్లలోంచి లాగి సుమారు 16,000 మందిని ఓక్లహోమా వైపు తరిమారు. దారిలో దాదాపు 4,000 మంది చనిపోయారంటారు. కొండల్లో మిగిలినవాళ్ల వారసులు 1996లో ఆ తల్లి ఊరిని, మూడు వందల పైచిలుకు ఎకరాలు, సొంత డబ్బు పోసి కొనుక్కున్నారు. తమ నేలను తామే కొనుక్కున్నారండీ! దాన్ని ప్రభుత్వం ట్రస్టులోకి, అంటే తెగ తరఫున తన పేరిట, తీసుకున్నది 2021లో. ట్రస్టులో ఉంటేనే ఆ భూమి మళ్లీ చేతులు మారదు, రాష్ట్రం పన్ను వేయదు, తెగ పాలన చెల్లుతుంది. అందుకు పాతికేళ్లు పట్టింది.

టెన్నెసీలో ఇంకా అన్యాయం. 1979లో టెలికో డ్యామ్ నీళ్లలో చెరోకీల పాత ఊళ్లు చోటా, తనాసీ మునిగిపోయాయి. ఆ రాష్ట్రానికి పేరిచ్చిందే తనాసీ. ఒడ్డున మిగిలిన 76 ఎకరాల కోసం చెరోకీలు ఏళ్ల తరబడి కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చుట్టూ తిరగాల్సి వచ్చింది. ప్రతినిధుల సభ ఒకటికి రెండుసార్లు ఒప్పుకున్నా చాలాకాలం పని కాలేదు. పోలవరం కోసం దేవీపట్నం వైపు కొండరెడ్లు ఊళ్లు ఖాళీ చేస్తుంటే చూసినవాణ్ణి, మునిగిన ఊరి మీద బెంగ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ప్రైవేటువాళ్ల భూమి కొనుక్కోక తప్పదేమో. ప్రభుత్వం చేతిలో ఉన్న భూమికి అడ్డేమిటి? పేరు మార్చిన చేత్తోనే పట్టా కూడా ఇవ్వాలి. మీ పత్రిక అమెరికా యాత్రల గురించి ఎంతో రాస్తోంది. ఈసారి కిటువా గురించి కూడా రాయించండి. చెరోకీ నుంచి బ్రైసన్ సిటీ వెళ్లే రోడ్డు పక్కనే, పొలంలో, దున్నీ దున్నీ అరిగిపోయిన ఒక మట్టిదిబ్బ అది.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
రాజమహేంద్రవరం